అబ్‌స్ట్రాక్ట్‌లో తాలు

పీజీ విద్యార్థుల పరిశోధన పోటీ విజయవాడలో. ముందు 250 మాటలు మించకుండా ఇంగ్లీషులో అబ్‌స్ట్రాక్ట్, అంటే పరిశోధన సారాంశం, పంపాలి. గడువు ఆదివారం అర్ధరాత్రి. గురువారం మధ్యాహ్నం మా విద్యార్థిని తెరిచిన ల్యాప్‌టాప్ అలాగే పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడమ్, పాలీహౌస్‌లో మూడో బ్యాచ్ తీసేస్తే రంగులో తేడా సిగ్నిఫికెంట్ అని వస్తోంది. తీసెయ్యమంటారా?" అంది. సిగ్నిఫికెంట్ అంటే గణాంకాల లెక్కలో ఊరికే అలా వచ్చిందనుకోలేనంత తేడా అని.

అడక్కుండా తీసేసి ఉంటే నాకు తెలిసేది కాదు. నాకే కాదు, పోటీలో జడ్జీలకీ తెలిసేది కాదు. ఆ సంగతి ఆమె వెళ్లాక తట్టింది. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

ఆమె థీసిస్ మిరపకాయ ఎండబెట్టడం మీద. గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. పండిన కాయ కోసేటప్పుడు దాని బరువులో ముప్పాతిక వంతు దాకా నీరే. ఆ తేమని పది, పదకొండు శాతానికి దింపితే గాని నిల్వకి పనికిరాదు. కల్లంలో పోసి ఎండబెడితే రెండు వారాలు పట్టడం మామూలే. మబ్బు పట్టినా, రాత్రుళ్లు మంచు కురిసినా ఇంకా ఎక్కువ. తేమ మిగిలిపోయిన కాయలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరుగుతుంది, అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. యూరప్‌కి వెళ్లే మిరపలో కిలోకి అన్ని అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు, వాటిలో బీ1 ఒక్కటే అయితే 5 మైక్రోగ్రాములు మించకూడదు. కంటికి కనిపించని ఆ పిసరు కోసం సరుకు వెనక్కి వస్తుంది. కాబట్టి కాయ ఎంత త్వరగా ఎండితే అంత మేలు.

ఆమె మూడు పద్ధతులు పోల్చింది: కల్లంలో ఉత్త నేల మీద, టార్పాలిన్ పట్ట మీద, పాలిథిన్ షీటు కప్పిన పాలీహౌస్ డ్రయ్యర్‌లో. ఒక్కో పద్ధతికి మూడు బ్యాచులు. ఎండే రోజులు పాలీహౌస్‌లో తగ్గాయి, మూడు బ్యాచుల్లోనూ తగ్గాయి. ఇక రంగు. కాయని పొడి చేసి, ఎసిటోన్‌లో రంగు దింపి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 460 నానోమీటర్ల దగ్గర రీడింగు తీస్తారు. దాన్నుంచి వచ్చే ఆస్టా విలువ (రంగు ఎంత ఉందో చెప్పే కొలత) మీదే ఎగుమతి బేరం చాలావరకు నడుస్తుంది. రెండు పాలీహౌస్ బ్యాచుల్లో రంగు చక్కగా నిలిచింది. మూడో బ్యాచ్‌లో కాయ నల్లబడింది, రీడింగు పడిపోయింది. అంకెలు ఇక్కడ రాయను. అవి ఆమెవి, థీసిస్ ఇంకా సమర్పించలేదు.

మా వైపు తాలు అనే మాట రెండు పంటలకి వాడతాం. వరిలో గింజ పట్టని పొల్లు తాలు. మిరపలో రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ కల్లం దగ్గరికి వెళ్లినా ఆడవాళ్లు ముక్కుకి కొంగు చుట్టుకుని, వరసగా కూర్చుని తాలు ఏరుతూ కనిపిస్తారు. మిర్చి యార్డులో తాలుకి రేటు వేరు, మేలు కాయతో కలిసి వెళ్తే టిక్కీ (బస్తా) మొత్తానికి ధర పడిపోతుంది. ఈ అమ్మాయి చిన్నప్పటి నుంచీ ఇంట్లో చూసిన పని ఇదే. బాగోలేని దాన్ని తీసి పక్కన పోస్తే అది మోసం అని ఆమెకి ఎందుకు అనిపిస్తుంది? శుభ్రం చేసినట్టే అనిపిస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. అబ్‌స్ట్రాక్ట్ రాయడమంటే తాలు ఏరడమే, ఒప్పుకుంటాను. అయితే ఏరాల్సింది మాటల్లోంచి. మన కాలేజీల్లో జరిగేది తలకిందులుగా ఉంది. మాటల్లో తాలంతా భద్రంగా ఉంచుకుని, ఫలితాల్లోంచి ఏరేస్తున్నాం.

మాటల సంగతి ముందు చూద్దాం. ఆమె మొదటి డ్రాఫ్టు ఇలా మొదలైంది: మిరప భారతదేశంలో ఒక ముఖ్యమైన సుగంధ ద్రవ్య పంట, ప్రపంచంలో ఎండుమిరప ఉత్పత్తిలోనూ ఎగుమతిలోనూ భారత్ మొదటి స్థానంలో ఉంది, దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది ప్రముఖ స్థానం, గుంటూరు సన్నం మిరపకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అన్నీ నిజాలే. గుంటూరు నుంచి వెళ్లే మిరప అబ్‌స్ట్రాక్టులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. పురుగు మీద పనైనా, విత్తనం మీద పనైనా, మార్కెటింగ్ మీద పనైనా ఇవే వాక్యాలు. నేను పెన్ను తీసి లెక్కపెట్టాను. 250 మాటల్లో ఆమె ఏం చేసిందో మొదలయ్యేసరికి 90 అయిపోయాయి. చివర ఇంకో రెండు వాక్యాలు: "వివరమైన ఫలితాలు ప్రెజెంటేషన్‌లో చర్చించబడతాయి", "ఈ అధ్యయనం రైతులకు ఎంతో ఉపయోగపడుతుంది".

ఆ 90 మాటల స్థానంలో ఒక్క వాక్యం చాలు: కల్లంలో మిరప ఎండడానికి పట్టే రోజులు ఎక్కువైతే బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది, పాలీహౌస్ ఆ రోజుల్ని తగ్గిస్తుందా, తగ్గిస్తే రంగు నిలుస్తుందా అని చూశాం. అక్కడితో ముందుమాట అయిపోయింది. తర్వాత ఏ రకం కాయ, ఎన్ని కిలోలు, ఎన్ని బ్యాచులు, ఏ నెలలో, తేమ దేనితో కొలిచింది, రంగు దేనితో కొలిచింది. ఆ తర్వాత అంకెలు. సగటు ఒక్కటే సరిపోదు, దాని పక్కన అటూఇటూ ఎంత ఊగిందో కూడా ఉండాలి. చివర ఒక్క వాక్యంలో దీన్నిబట్టి ఏం అనవచ్చు, ఎంతవరకు అనవచ్చు.

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. 1987లో వైద్య పరిశోధకుల బృందం ఒకటి 'ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' పత్రికలో దాదాపు ఇదే ప్రతిపాదించింది. అబ్‌స్ట్రాక్ట్‌ని ఒకే ముద్దగా రాయకుండా, ప్రశ్న, పద్ధతి, ఎవరి మీద, ఎక్కడ, ఫలితం, ముగింపు అని ఉపశీర్షికలు పెట్టి విడగొట్టాలంది. డాక్టర్లకి తీరిక తక్కువ, చాలామంది అబ్‌స్ట్రాక్ట్ దాటి వెళ్లరు, కాబట్టి అందులోనే పనికొచ్చే సమాచారం ఉండాలన్నది వాళ్ల ఆలోచన. వ్యవసాయంలో మనం ఇప్పటికీ చాలాచోట్ల ముద్దగానే రాస్తున్నాం. ఉపశీర్షికలు అడగని పోటీలకి కూడా మా విద్యార్థుల చేత వాటితోనే రాయించి, పంపేముందు శీర్షికలు చెరిపేయిస్తాను. ఏ అర ఖాళీగా ఉందో అప్పుడు వాళ్లకే కనిపిస్తుంది.

డ్రాఫ్టు అలా ఉంది కాబట్టి నా అలవాటు ప్రకారం ఇంటికి ఫోన్ చెయ్యమన్నాను. మా దగ్గర చేసే పిల్లలందరికీ ఇదే పెడతాను: ఇంగ్లీషులో రాసేముందు నీ పని ఇంట్లో ఎవరికైనా తెలుగులో రెండు నిమిషాలు చెప్పు. ఇంగ్లీషులో "ఎఫికేషియస్", "పొటెన్షియల్" లాంటి మాటల చాటున అర్థం కాని సంగతి కూడా దాక్కోగలదు. తెలుగులో వాళ్ల నాన్నతో మాట్లాడేటప్పుడు అలా దాక్కునే చోటు ఉండదు. ఆ అమ్మాయి నా గదిలోంచే ఫోన్ చేసింది. పాలీహౌస్‌లో త్వరగా ఎండుతుంది నాన్నా అని మొదలుపెట్టి రోజులు చెప్పింది. ఆయన అంతా విని, "ఎండితే ఎండింది గానీ కాయ నల్లబడలేదుగా? నల్లబడితే యార్డులో ఎవరడుగుతారమ్మా" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. తీసేద్దామని అడిగిన బ్యాచ్ గురించే ఆయన అడుగుతున్నాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నా అబ్‌స్ట్రాక్ట్ కూడా ఇలాంటి పోటీకే వెళ్లింది. నేను రాసింది "కొంత పెరిగే ధోరణి కనిపించింది" అని. అప్పటి గైడు దాన్ని కొట్టేసి "గణనీయంగా పెరిగింది" అని రాశారు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పెద్దవారు దిద్దారు, బాగుపడింది అనుకున్నాను. ప్రైజ్ వచ్చింది, స్టేజీ మీద శాలువా కప్పారు, మా అమ్మ ఆ ఫొటోకి ఫ్రేము కట్టించింది. తర్వాత వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ థీసిస్ పక్కన ఆ అబ్‌స్ట్రాక్ట్ పెట్టుకుని, "ఈ 'గణనీయంగా' అన్న మాట ఏ టేబుల్‌లోంచి వచ్చిందమ్మా?" అని అడిగారు. గద్దించలేదు, మెల్లగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గైడు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. డిగ్రీ వచ్చింది. ఆ ఫొటో మాత్రం ఇప్పటికీ మా అమ్మ వాళ్లింట్లో గోడకి ఉంది, నేను వెళ్లినప్పుడల్లా దాని ఎదురుగా కూర్చుని అన్నం తినాలి.

ఒక్క మాట మార్చితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం రెండు అధ్యయనాలు చెబుతాను. 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి 'జామా' పత్రికలో వచ్చిన పరిశీలన ఒకటి. ఆరు పేరున్న వైద్య పత్రికల్లోని అబ్‌స్ట్రాక్టులని అసలు వ్యాసాలతో పోల్చి చూశారు. అబ్‌స్ట్రాక్ట్‌లోని అంకెలు వ్యాసంతో పొసగనివి, లేదా వ్యాసంలో అసలే కనిపించనివి, పత్రికని బట్టి 18 శాతం నుంచి 68 శాతం దాకా తేలాయి. 2010లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. ప్రధాన ఫలితంలో తేడా సిగ్నిఫికెంట్ కాని 72 వైద్య ప్రయోగాలు తీసుకుని, వాటి అబ్‌స్ట్రాక్టుల ముగింపు వాక్యాలు చదివారు. 58.3 శాతం అబ్‌స్ట్రాక్టుల్లో, అంటే 42లో, ఫలితాన్ని ఉన్నదానికంటే అనుకూలంగా చూపించే తిప్పుడు ఉంది. ప్రపంచంలో అందరికంటే గట్టిగా సరిచూసే పత్రికల్లోనే ఇలా ఉంటే, ఎవరూ సరిచూడని విద్యార్థి పోటీల సంగతి వేరే చెప్పాలా?

ఎవరూ సరిచూడరు అని ఊరికే అనడం లేదు. సదస్సుల్లో ఇచ్చిన అబ్‌స్ట్రాక్టుల్లో ఎన్ని తర్వాత పూర్తి వ్యాసాలయ్యాయో, వైద్య పరిశోధనల్ని క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2018లో లెక్క తేల్చింది. మూడు లక్షలకు పైగా అబ్‌స్ట్రాక్టులు చూస్తే, అచ్చయినవి 37 శాతం చిల్లర. మిగతావాటికి ఆ 250 మాటలే ఆది, అవే అంతం. వెనక టేబుల్ ఉండదు, మూడో బ్యాచ్ ఉండదు. అబ్‌స్ట్రాక్ట్‌లో చెప్పని సంగతి ఇక ఎక్కడా ఉండదు. "పూర్తి పేపర్‌లో రాద్దాంలే" అని గైడ్లు అన్నప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తుకొస్తుంది.

సరే, మూడో బ్యాచ్. ఏ రీడింగూ ఎప్పుడూ తీసెయ్యకూడదని నేను అనను. తేమ కొలిచే మీటరు చెడిపోతే, లేబుళ్లు తారుమారైతే, కోతులొచ్చి ట్రేలు తిరగేస్తే (మా దగ్గర అయ్యింది) ఆ బ్యాచ్ పనికిరాదు. కానీ తీసెయ్యడానికి కారణం రంగు రీడింగు చూడకముందే నోట్‌బుక్‌లో రాసి ఉండాలి. ఫలితం చూశాక వెతికితే ఎవరికైనా ఏదో ఒక కారణం దొరుకుతుంది. నోట్‌బుక్ తెమ్మన్నాను. మూడో బ్యాచ్ రోజుల్లో మీటరు బాగానే ఉంది, లేబుళ్లు సరిగానే ఉన్నాయి. ఆమె చేతిరాతతోనే మధ్యాహ్నం రెండు గంటల ఉష్ణోగ్రతలు రాసి ఉన్నాయి. మిగతా రెండు బ్యాచులకంటే ఎక్కువ. అది మార్చి ఆఖరు, బయట ఎండలు ముదిరాయి. షీటు కింద వేడి ఇంకా ముదిరింది. మిరపకి ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ లాంటి రంగుపదార్థాలు అధిక వేడికి విరిగిపోతాయి, ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అంటే మూడో బ్యాచ్‌లో జరిగింది పొరపాటు కాదు, మార్చి ఆఖర్లో పాలీహౌస్ అలా పనిచేస్తుందన్నమాట. జనవరిలో వేరు, మార్చిలో వేరు. ఆ ఒక్క సంగతి కోసమే ఎవరైనా ఈ థీసిస్ చదువుతారు, దాన్నే మేము తాలు అని ఏరి పారెయ్యబోయాం.

అప్పుడు రాయడం మొదలుపెట్టాం. "పాలీహౌస్‌లో ఎండే కాలం తగ్గింది" అన్నది తేలిక. రంగు గురించిన వాక్యం దగ్గర గంటన్నర కూర్చున్నాం. ఆమె మొదట "రంగులో తేడా లేదు" అని రాసింది. అదీ తప్పే. మూడేసి బ్యాచులతో చేసిన పనిలో తేడా సిగ్నిఫికెంట్ కాలేదంటే, తేడా ఉందని మనం తేల్చలేకపోయామని అర్థం. తేడా లేదని తేలిందని అర్థం కాదు. తేడా సిగ్నిఫికెంటా కాదా అని చెప్పడానికి వాడే పీ విలువ 0.05 కి అటా ఇటా అన్న ఒక్కదాని మీదే శాస్త్ర నిర్ణయాలు నిలపొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పనిగట్టుకుని ప్రకటన చేసింది. ఆ ప్రకటన చదివించాక ఆమె రాసిన వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇది: "రంగు విలువలో తేడాని నిర్ధారించలేకపోయాం, మూడు బ్యాచుల్లో ఒకటి, మధ్యాహ్నం వేడి ఎక్కువగా నమోదైనది, నల్లబడింది." ఈ వాక్యంలో నేను ఒక్క మాట కూడా కలపలేదు. ఇంగ్లీషులో ఒక క్రియ తప్పుంటే చూపించాను, దిద్దుకుంది.

దీనికి తోటి అధ్యాపకులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. పోటీ పోటీయే, పక్క కాలేజీవాళ్లు మెరిపించి పంపుతారు, నల్లబడింది అని రాసుకున్న పిల్లని మొదటి వడపోతలోనే పక్కన పెడతారు అంటారు. జరగొచ్చు. నేను కూడా ఇలాంటి పోటీలకి జడ్జీగా కూర్చున్నాను. ఒక పూటలో అరవై, డెబ్భై అబ్‌స్ట్రాక్టులు చదవాలి. అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయని చెప్పేవే. నలభయ్యోది దాటాక ఏది ఎవరిదో గుర్తుండదు. ఎక్కడ పనిచెయ్యలేదో చెప్పిన అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటి తగిలితే ఆగి మళ్లీ చదివాను, ఈ విద్యార్థిని ప్రశ్నలు అడగాలనిపించింది. అయితే ప్రతి జడ్జీ అలా ఆగుతాడని హామీ ఇవ్వలేను. మార్కులు వేసే ఫారంలో "నవ్యత", "సమాజానికి ఉపయోగం" అని గడులు ఉంటున్నాయి గానీ, పరిమితుల్ని చెప్పినందుకు ఒక్క మార్కు ఉన్న గడి నేను ఇంతవరకు చూడలేదు. పోటీలు నడిపేవాళ్లు ఆ గడి ఒకటి పెట్టాలి. అది పెట్టిన మర్నాటి నుంచి గైడ్ల ఎర్రపెన్ను వేరే దారిలో నడుస్తుంది.

ఇంకో అభ్యంతరం, పిల్లలకి ఇంగ్లీషు రాదు, గైడు రాయకపోతే ఎవరు రాస్తారు అని. ఇప్పుడు గైడు కూడా అక్కర్లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి నున్నటి ఇంగ్లీషు ఎవరికైనా నిమిషంలో దొరుకుతోంది. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో భాషాదోషాలు తగ్గాయి, సంతోషమే. కానీ మూడో బ్యాచ్ నల్లబడిందని విద్యార్థి చెప్పకపోతే ఏ యంత్రానికి తెలుస్తుంది? చెప్పినా "ఆశాజనకమైన ఫలితాలు" అని చదును చేసేస్తే ఎవరు ఆపుతారు? వాక్యం ఎవరు దిద్దినా సరే, అందులో సంగతి మాత్రం కల్లంలో నిలబడి కాయని చేత్తో పట్టి చూసిన మనిషిదే కావాలి.

మాటలు కుదించడం గురించి ఒక సంగతి నాకు చాలా ఇష్టం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో 'త్రీ మినిట్ థీసిస్' అని ఒక పోటీ మొదలుపెట్టింది, పీహెచ్‌డీ మొత్తాన్ని ఒక్క స్లయిడుతో మూడు నిమిషాల్లో చెప్పాలి. అప్పుడు అక్కడ గట్టి కరువు. నీళ్లు ఆదా చెయ్యడానికి జనం స్నానాలగదుల్లో మూడు నిమిషాల ఇసుక గడియారాలు పెట్టుకున్నారు. ఆ గడియారమే పోటీకి ఆలోచన ఇచ్చింది. సాగర్ కుడి కాలువ చివరి ఊళ్లలో నీళ్ల వంతు కోసం రాత్రిపూట గట్టు మీద కాపలా పడుకున్నవాళ్ల పిల్లలు మా విద్యార్థులు. వచ్చిన కాసిని నీళ్లు ముందు ఏ మడికి పెట్టాలో వాళ్లకి నేర్పక్కర్లేదు. 250 మాటలు కూడా అంతేనని చెబితే ఠక్కున అర్థమవుతుంది, "ముఖ్యమైన పంట" అన్న వాక్యం వాళ్లే కొట్టేస్తారు.

ఆదివారం రాత్రి పదిన్నరకి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "మేడమ్, పోర్టల్ తీసుకోవట్లేదు. 253 అని చూపిస్తోంది. మనం లెక్కపెట్టినప్పుడు 250యే వచ్చింది." హైఫన్‌తో కలిపి రాసినవాటిని మేము ఒక్కో మాటగా లెక్కేశాం, పోర్టల్ రెండేసిగా లెక్కేస్తోంది.

"ఏం తీస్తావు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. మూడో బ్యాచ్ వాక్యం తీసేస్తే ఒక్క దెబ్బతో ఇరవై మాటలు తగ్గుతాయి. నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. వెనక హాస్టల్ వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకెళ్తున్న చప్పుడు వినిపించింది.

"టైటిల్ కింద మొదటి వాక్యంలో 'నావెల్' ఉంది మేడమ్, అది తీసేస్తా. పాలీహౌస్ మనం కనిపెట్టిందేం కాదుగా. తర్వాత 'సక్సెస్‌ఫుల్లీ'. ఇంకొకటి..." చదువుకుంటూ కిందికి వెళ్లింది. "'వెరీ'. 'వెరీ రాపిడ్' అని రాశాను. ఎన్ని రోజులో పక్కనే అంకె ఉంది."

కీబోర్డు చప్పుడు. "250 మేడమ్. తీసుకుంది."